ఇద్దరు మరియలకు ఒక్క ముసుగు

"ఒక్క కొంగు కింద ఇద్దరు పిల్లలు
వాన నడుమ వాగు దాటవోయిరి
ఒక్కతె ఒడ్డెక్కె, ఒక్కతె..."

ఆ మీద ఏముందో ఎంత తండ్లాడినా యాదికి రాదు. చిన్నప్పుడు నాట్లేసుకుంట పాడేటోళ్లం. పాడినోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన. అడుగుదామంటె ఎవరున్నరు?

మాది నకిరేకల్ దాటినంక రోడ్డుకు రెండు మైళ్లు లోపలికి ఉన్న ఊరు. ఊరి చివర రేకుల చర్చి. క్రిస్మస్ ముందటి సాయంత్రం అక్కడ పిల్లలతోటి ఏసు పుట్టిన నాటకం ఆడిస్తరు. బల్లలు కలిపి, రెండు చీరెలు తెరలుగ కడితే అదే స్టేజీ. తెర తాడు గుంజుడు, మాట మర్చినోళ్లకు చాటు నుంచి అందిచ్చుడు నా పని.

మరియమ్మ వేషం ఇద్దరిది. దేవదూత వచ్చినకాడి నుంచి బేత్లెహేముల ఎవ్వలూ జాగ ఇయ్యనిదాక, మొదటి సగం, బక్కమ్మ బిడ్డ నాగరాణి. బాలుడు పుట్టినంక మిగిలిన సగం నా మనుమరాలు ఎస్తేరు. ఆ వేషం కోసం ఇద్దరూ ఏడిస్తె పాస్టరు అయ్యగారు గట్ల పంచిండు. నీలం ముసుగు మాత్రం ఒక్కటే. నడుమల తెర మూసినప్పుడు నాగరాణి చీకట్లకు దిగేది. దాని తల మీది ముసుగు తీసి, వెనుకకు తిరిగి, తయారుగ నిలవడ్డ ఎస్తేరు తల మీద కప్పేదాన్ని. నాలుగేండ్లు అదే పని. కండ్లతోటి చూసే పని లేకుండ చేతులకే అలవాటయింది.

ఊర్లె ఒకటే ముచ్చట ఉండేది, ఇద్దరిల ఎవలు మంచిగ చేసిన్రని. నాగరాణి మాటలు మర్చేది, కాని దాని కండ్లల్ల నీళ్లు నిజం నీళ్లు. ఇల్లిల్లు తిరిగి జాగ అడుగుతాంటె ముందట కూసున్న ముసలోళ్లు "మా ఇంటికి రా బిడ్డా" అనేటోళ్లు. ఎస్తేరు అట్ల కాదు. ఒక్క మాట తప్పదు. గొంతు గంటోలె మోగేది. బొమ్మను ఎత్తుకుంటె మెడకింద చెయ్యి పెట్టేది, నిజం పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

"నీ ఏడుపు చూసి గొర్లు గూడ ఏడుస్తయే" అని ఎస్తేరు ఎక్కిరిచ్చేది.

"నీకు బట్టీ కొట్టుడే వచ్చు. కండ్లల్ల సుక్క రాదు" అని నాగరాణి.

మల్ల ఇద్దరూ ఒక్క జామకాయ కొరుక్కొని తినేటోళ్లు. నేను మాత్రం ఎవరడిగినా నా మనుమరాలే గొప్ప అనేదాన్ని. నాగరాణి ఉన్నా అదే మాట.

మూడేండ్ల కింద దసరా పోయినంక ఎస్తేరుకు జెరం వచ్చింది. దవాఖానల తొమ్మిది దినాలు. నొసటి మీద తడిగుడ్డ వేస్తె వేసినట్టే ఆరిపోయేది. పదో దినం గుడ్డ ఆరలేదు. పిల్లకు పద్నాలుగేండ్లు.

ఆ యేడు నాటకం వద్దన్న. "పిల్ల పేరు మీదనే చేద్దామమ్మా" అన్నడు అయ్యగారు. రెండు సగాలూ నాగరాణే చెయ్యాలన్నరు. అది రోజూ మా ఇంటికొచ్చి, ఎస్తేరు మాటలు రాసుకున్న నోటుబుక్కు ముందట కూసునేది. ఆ బుక్కుతోటే ఎస్తేరు నాకు అరవై ఏండ్లు దాటినంక అక్షరాలు దిద్దిచ్చింది. నేను వేలు పెట్టి చదివి అందిస్తె నాగరాణి చెప్పేది. ఒకనాడు ఒకే జాగల రెండుసార్లు తప్పింది. నా నోరు ఊకోలే.

"మా ఎస్తేరు గిట్ల తప్పకపోయేది. నువ్వు దాని కాలిగోటికి సరిరావు."

పిల్ల తల వంచుకున్నది. "నిజమే అవ్వా. నా బదులు అదుంటె మంచిగుండేది" అన్నది.

నేను అవుననలే. కాదని గూడ అనలే.

నాటకం రోజు సాయంత్రం ఏడు గంటలకు మొదలువెట్టిన్రు. చలికి రేకులు సల్లగ మెరుస్తున్నయి. లైట్లన్నీ ముందటికే, తెర ఎనుక చీకటి. వరిగడ్డి వాసన, చెమ్కీ కాయితాలకు పెట్టిన జిగురు వాసన. మొదటి సగం మంచిగనే నడిచింది. తెర మూసిన. నా కొడుకు ఏసోబు స్టేజీ మీద గడ్డి పరుస్తాండు. బిడ్డ పోయినంక వాడు ఆ పని గూడ తలెత్తకుండనే చేస్తడు.

నాగరాణి దిగింది. నా చేతులు వాటంతటవే లేచినయి. ముసుగు తీసిన. వెనుకకు తిరిగిన. నిలవడ్డ పిల్ల తల మీద కప్పిన.

కప్పినంక వేళ్లకు తెలిసింది... నొసలు కాలుతాంది.

"జెరమొచ్చిందా బిడ్డా?" అని గుసగుసగ అడిగిన.

దవాఖాన మందు వాసన కొట్టింది. బల్ల ఎక్కిన చప్పుడు కాలేదు. కాని నా ముందట ఎవరూ లేరు. తెర తియ్యమని గంట మోగింది. తాడు గుంజిన.

మరియ గడ్డిల కూసున్నది. ముసుగు మొఖం మీదికి దిగి ఉన్నది. బొమ్మ మెడకింద చెయ్యి.

"దగ్గరికి రాండ్రి. భయపడకుండ్రి. బిడ్డ నిద్రపోతాండు."

గంటోలె మోగే గొంతు. తెర సందుల నుంచి పడ్డ వెలుతురుకు బుక్కు మీద వేలు జరుపుతున్న. ఒక్క మాట తప్పుతలేదు. దేవునికే ఎరుక, ఆ ఘడియ నేను భయపడలే. సంతోషపడ్డ.

అప్పుడు నా కొంగు ఎవరో పట్టుకున్నరు.

"అవ్వా... ముసుగేది? నేను పోవాలె గద..."

నాగరాణి.

దాని చెయ్యి పట్టుకున్న. మంచుగడ్డ. స్టేజీ మీద ఒక్కొక్క మాట పలికిన కొద్ది, ఆ చెయ్యి ఇంకింత సల్లవడుతాంది. దాని పెదవులు కదులుతున్నయి... అక్కడి మాటలే, ఇక్కడ చప్పుడు లేకుండ. జరసేపటికి పెదవులు గూడ ఆగినయి. నా భుజం మీదికి ఒరిగింది. ముక్కు కాడ వేలు పెట్టిన. ఊపిరి తగుల్తలేదు.

తెరకు అవతల జనం ముక్కులు చీదుతున్నరు. "ఇయ్యాల నాగరాణి ఎస్తేరును గూడ మించింది" అన్నరు ఎవరో.

అంటె వాళ్లకు నాగరాణే కనవడుతాంది.

ఒక చేతిల ఈ పిల్ల. ఇంకో చేతిల తాడు. స్టేజీ మీద మరియ తలెత్తింది. జనం దిక్కు కాదు... నా దిక్కు. గాలికి ముసుగు అంచు కదులుతాంది. ఇంకొక్క ఘడియ ఆగితె మొఖం చూస్త. రెండు నెలలాయె ఆ మొఖం చూడక.

నా భుజం మీద ఒరిగింది నా బిడ్డ కాదు గద అనుకున్న. రాయనీకి సిగ్గైతాంది, కాని అనుకున్న.

మరియ చేతులు చాపింది.

తాడు గుంజిన.

తెర మూసుకోంగనే నాగరాణి నీళ్లల్ల నుంచి తేలినట్టు గట్టిగ ఊపిరి తీసింది. బక్కమ్మ తెర తోసుకొని వచ్చింది. "ఏం జానమ్మా, నడుమల మూసినవ్? నా బిడ్డ మంచిగ చేస్తాందని నీ కండ్లు మండినయా?" అని లొల్లి పెట్టింది. మండినయనే ఒప్పుకున్న. ఇంకేం చెప్పాలె? ఏసోబు గడ్డిల నుంచి ముసుగు ఏరి తెచ్చిండు. ఇప్పుడు నాగరాణి నల్లగొండల హాస్టల్ల ఉండి చదువుతాంది. ఆ సాయంత్రం సంగతి అడిగితె, "నేనే చేసిన గదా అవ్వా" అంటది. దాని మాట వింటె నాకు మంచిగనే ఉంటది.

కాని బక్కమ్మ రాకముందు, తెర పడ్డ చీకట్ల, నా చెవి కాడ వేడి ఊపిరి తగిలింది. కోపం లేదు ఆ గొంతుల. ఎందుకో తెలువక అడిగినట్టు, మెల్లగ...

"అవ్వా, నావి ఇంక రెండు మాటలే ఉండె గద."