హార్లన్ మలుపులో ఆఖరివాడు

ఆరెగాన్ అడవిలో బయల్దేరినచోటికే తిరిగొచ్చే ఆ చుట్టుదారి మొత్తం మంచిదే, ఒక్క హార్లన్ మలుపు తప్ప. మసకపడ్డాక అక్కడ సైకిలు గంట వినిపిస్తే నిలబడొద్దంటారు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తారు.

ఆ దారిన నడిచేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ, గుర్రాలవాళ్ళూ అందరూ పోవాలి. అందుకే ఒక కట్టుబాటుంది. సైకిలువాడు దాటిపోతూ తన వెనక ఎందరొస్తున్నారో కేకేసి చెప్పాలి. చివరివాడు "నేనే ఆఖరు" అనాలి. ఆ మాట విన్నాకే పక్కకి తప్పుకున్నవాళ్ళు మళ్ళీ దారెక్కాలి. ఒకప్పుడు హార్లన్ అనే సైకిలువాడు ఆఖరున వస్తుంటే, అతనికంటే ముందు పోయినవాడు ఆ ముక్క చెప్పడం మరిచాడట. నడిచేవాళ్ళు దారికడ్డం వచ్చేశారు. వాళ్ళని తప్పించబోయి హార్లన్ లోయలో పడ్డాడు... అనాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

లోర్నాకి ఈ కథ తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆమెకి దెయ్యాల ధ్యాసే లేదు. మంటంతా తమ్ముడి మీదే.

వెండెల్‌కి గుండెలో స్టెంట్ వేసి ఆర్నెల్లు కాలేదు. "నెమ్మదిగా నడు, నీళ్ళు తాగు" అని ఆమె పదేపదే అనేసరికి వాడికి ఒళ్ళు మండింది.

"నీతో నడవడం కంటే ఆసుపత్రే నయం అక్కా! నువ్విటు పో, నేనటు పోతా. చుట్టుదారే కదా, ఎక్కడో ఒకచోట ఎదురుపడి చస్తాం."

విసవిసా పోయాడు. నొప్పొస్తే నాలుక కింద పెట్టుకోవాల్సిన బిళ్ళలు మాత్రం ఆమె సంచిలోనే ఉండిపోయాయి.

సగం దారి దాటింది... రాలేదు. ముప్పాతిక దాటింది... ఊహూ. ఎదురుపడక ఎక్కడికి పోతాడు? వచ్చిన ప్రతి సైకిలుకీ తప్పుకుని తప్పుకుని బూట్లనిండా బురద. ఫోనుకి సిగ్నల్ లేదు.

హార్లన్ మలుపు చేరేసరికి చెట్ల కింద చీకటి కమ్ముకుంది. ఎదురుగా రెండు దీపాలు దూసుకొచ్చాయి.

"ఎర్ర టోపీ ఆయన కనబడ్డాడా?"

"లేదండీ! జాగ్రత్త... మా వెనక ఇంకొకరున్నారు!"

పోయారు. లోర్నా మళ్ళీ బురదలోకి తప్పుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. దారంతా బోసిగా ఉంది...

ట్రింగ్.

నిలబడొద్దంటారుగా! ఒక అడుగు వేసింది — ఆగిపోయింది. సాయంత్రమంతా అడ్డమైన ప్రతివాడికీ దారిచ్చిన ఉక్రోషం ఒక్కసారి పొంగింది.

"వచ్చేదుంటే రావయ్యా! ఎంతసేపని నిలబడేది?"

ట్రింగ్... ఈసారి దారి మీంచి కాదు. కింద, వాగు వైపు నుంచి.

టార్చి వేసి అంచు దగ్గర వంగి చూసింది. బండకి చేరగిలబడి ఎర్ర టోపీ — వెండెల్! ముఖంలో నెత్తురు చుక్క లేదు.

జారుతూ పడుతూ దిగింది. నాలుక కింద బిళ్ళ పెట్టి, చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. కాసేపటికి వాడికి ఊపిరి అందింది.

"నేను పైనుంచే పోతున్నాగా... పిలవచ్చుగా, వెధవా?"

"గొంతు పెగల్లేదక్కా. నొప్పొచ్చింది... నీకు కనబడితే సాధిస్తావని కిందికి దిగి కూర్చున్నా. ఇక లేవలేకపోయా." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు గంట కొడుతూ వస్తుంటే ప్రాణం లేచొచ్చింది."

"నా దగ్గర గంటెక్కడిది?" లోర్నా గొంతు తగ్గింది. "కొట్టింది... నువ్వు కాదూ?"

వెండెల్ ఖాళీ చేతులు చూపించాడు.

పైన దారి మీద చక్రాలు మెల్లగా దొర్లిన చప్పుడు. దీపం లేదు. సరిగ్గా వాళ్ళ నెత్తిన ఆగింది. ఆ తర్వాత, ఎన్నాళ్ళుగానో అలిసిపోయిన గొంతు ఒకటి—

"నేనే ఆఖరు... ఇక దారెక్కండి."