మూడో రింగు

రాజోలు అవతల, పంటకాలవ పక్కన పాపారావు ఇల్లు. ఇంటి ముందు కొబ్బరిచెట్టుకి మేకు కొట్టి, ప్లాస్టిక్ సంచీలో ఒక సెల్‌ఫోన్ వేలాడదీసేవాడు. సిగ్నల్ ఆ మేకు దగ్గరే వచ్చేది మరి. జానెడు పక్కకి జరిపితే టవరుకి కోపం వచ్చేది. అప్పటి ఫోన్లంటే ఇప్పట్లా అప్పడాలు కావండోయ్. దాంతో కొబ్బరికాయ కొట్టొచ్చు. కొట్టేక తుడుచుకుని హలో అనొచ్చు.

ఆ హలో అనడమే ఖరీదు. ఆ రోజుల్లో మనం చేస్తేనే కాదు, అవతలివాళ్లు చేసింది ఎత్తినా మన డబ్బే కోసేవారు. "హలో" అంటే గెల హరీ, "బాగున్నావా" అంటే చెట్టు హరీ, "భోంచేసేవా" అనేసరికి తోట తోటే హరీ. అందుకని కోనసీమ కోనసీమంతా మాట్లాడ్డం మానేసి మోగించుకోవడం నేర్చుకుంది.

పాపారావు పెళ్లాం ఎలీసమ్మ, ఇంటికి స్లాబు వేయించాలని కువైట్ వెళ్లి ఒక షేకు గారింట వంటకి కుదిరింది. రోజూ ఇక్కడ దీపాలు పెట్టే వేళకి ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేది. ఒక్క రింగంటే క్షేమం. అది వినబడితే గానీ పాపారావుకి ముద్ద దిగేది కాదు. కట్ అవకుండా మూడోది కూడా మోగిందంటే మాత్రం ప్రాణం మీదికొచ్చిందని గుర్తు. అప్పుడు ఎత్తి తీరాలి.

ఆ మూడు అన్నది పాపారావు పెట్టిన లెక్కే. చచ్చి ఏ లోకానుందో గానీ, వాళ్లమ్మ చిన్నప్పుడే వాడికి నూరిపోసింది. "అసురసంధ్యలో వాకిట్లోంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలక్కురా. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. మనిషి కానిదానికి మూడోసారి గొంతు పెగలదు."

"ఓసారి ఎత్తరా పాపారావూ! పెళ్లాం గొంతు మర్చిపోగలవు," అని పక్కింటి చిట్టెమ్మ దెప్పేది.

"ఎత్తితే స్లాబు ఉండదు పిన్నీ, గొంతొక్కటే ఉంటది."

నవ్వేవాడే గానీ, ఎలీసమ్మ విమానం ఎక్కిన నాటినుంచీ ఆ గొంతు విన్న పాపాన పోలేదు. పడుకుని గుర్తు తెచ్చుకోబోతే, చిట్టెమ్మ గొంతు అడ్డొచ్చేది.

ఆ రోజు తుఫాను. గోదారి లేచి ఆకాశానికెక్కి, అక్కణ్ణుంచి పాపారావు ఇంటి మీదే దూకుతున్నట్టు వాన. కరెంటు పోయింది. పొద్దు ఇంకా కుంకకుండానే ఇంట్లో చీకటి గడ్డకట్టింది. దొడ్లో తడిసిన కొబ్బరి పీచు డొక్కల కుప్పలోంచి ముక్కిపోయిన వాసన. కప్పలైతే ఇక్కణ్ణుంచి అమలాపురం దాకా ఒక్క గొంతుతో అరుస్తున్నాయి. పాపారావు లాంతరు ముట్టించి, ఫోను మోగే వేళ కోసం చెవులు అటు పెట్టి కూర్చున్నాడు.

ఉన్నట్టుండి కప్పలు ఆగిపోయాయి. అన్నీ ఒకేసారి.

"ఏవండీ..."

ఎలీసమ్మ గొంతు! ఇన్నాళ్లూ ఎంత వెతికినా దొరకని గొంతు!

"ఆయ్!" అంటూ ఒక్క ఉరుకున వెళ్లి గడియ తీసేడు. తీసేక గుర్తొచ్చింది... పిలిచింది ఒక్కసారే.

చూరు కింద ఎలీసమ్మే నిలబడి ఉంది. నవ్వుతోంది.

"చెప్పాపెట్టకుండా వచ్చేసేవేంటే!"

"పంపించేసేరండీ," అంది లోగొంతుకతో.

"మరి సామానేదీ?"

"వెనకాల వస్తోంది."

లోపలికొచ్చి పొయ్యి దగ్గర, వీపు ఇటు పెట్టి కూర్చుంది. "ఆకలేస్తోందండీ" అంది. పాపారావు కంచం తెచ్చి అన్నం పెట్టేడు. అంత వానలో వచ్చిన మనిషి, జలుబు చేస్తుందని తుండుగుడ్డతో తల తుడవబోయేడు.

తుండు తడవలేదు.

జుట్టు ఎండుగడ్డిలా గరగరమంది. చీర ఇప్పుడే దండెం మీంచి తీసినట్టుంది. ఒళ్లు కాల్చిన పెనంలా వేడి. మిట్టమధ్యాహ్నపు ఎండ వాసన. జుట్టులోంచి ఇసక జలజలా కంచంలోకి రాలింది. ఆవిడ అదీ కలుపుకుని తింటోంది. కరకర... కరకర...

అప్పుడు చెట్టు మీద ఫోను మోగింది.

ఒక్క రింగు. అలవాటుకొద్దీ పాపారావు గుండె కుదుటపడింది. క్షేమం.

క్షేమం... ఎవరు?

రెండో రింగు. నమలడం ఆగింది.

"ఎత్తకండి," అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే. "డబ్బులు పోతాయి."

మూడోది మోగింది.

పాపారావు వానలోకి పరిగెత్తేడు. సంచీ చింపి, పచ్చ బటను నొక్కి చెవికి ఆనించుకున్నాడు. కార్డులో మిగిలింది నాలుగు మాటలకి సరిపోతే గొప్ప.

"హలో! ఎలీసమ్మా!"

అవతల ఊపిరి. తర్వాత అదే గొంతు, గుసగుసగా, ఏడుపు ఆపుకుంటూ.

"ఎవరు... ఎవరు మాట్లాడేది?"

"నేనేనే!"

"మా ఆయన ఇక్కడున్నాడండీ... ఇందాకే వచ్చేడు. ఒక్కసారి పిలిచేడు, తలుపు తీసేసేను. ఇక్కడ నిప్పులు చెరిగే ఎండండీ... ఈయనేమో నిలువెల్లా తడిసిపోయి... కొబ్బరి డొక్కల కంపు... వంటింట్లో అన్నం తింటున్నాడు. కింద మడుగు కడుతోంది... మరి అక్కడ ఫోనెత్తింది ఎవ—"

కీచుమంది. కట్ అయిపోయింది. కార్డు ఖాళీ. ఇక అటు చేయడానికీ లేదు, వస్తే ఎత్తడానికీ లేదు.

"ఎలీసమ్మా! తలుపు తీసుకుని బయటికి పారిపో!" అని అరిచేడు, మూగ ఫోనులోకి. చిట్టెమ్మ ఇల్లు పది బారల దూరం. అటు పరిగెడదామంటే కాళ్లు చెట్టు వేళ్లతో పెనవేసుకుపోయినట్టున్నాయి. కొబ్బరాకుల మీంచి నీళ్లు ధారగా నెత్తిన పడుతున్నాయి. ఒళ్లంతా తడి. తన ఒంటి మీంచే డొక్కల వాసన... ఇందాకటి కంటే ఎక్కువగా.

ఇంట్లో లాంతరు వెలుతురు కదిలింది.

"ఏవండీ..."

రెండో పిలుపు. పాపారావు రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. పలకలేదు. మూడోది వస్తే... మూడోది వస్తే మనిషే. ఊపిరి బిగబట్టి ఎదురుచూసేడు.

మూడోది రాలేదు.

రెండో పిలుపుకే, ఇంటి లోపల్నించి ఎవరో పలికేరు.

"ఆయ్... వస్తున్నానే," అంది పాపారావు గొంతు.

లోపల గడియ పడింది.