అబ్బులు లోతు

నేను అల్లవరం దగ్గర ఒక పెంకుల బట్టీకి మట్టి తవ్వించే మేస్త్రిగా ఉండేవాణ్ణి. యాభై రెండో సంవత్సరం వేసవిలో, కాలువలకి నీళ్లు కట్టేశాక, వీరాయమ్మగారి అర ఎకరం చేలో దిగాం. పైమట్టి తీసి గట్టున పోగుపెట్టాలి. కింద మనిషి లోతు జిగురుమట్టి తీసుకోవాలి. గోతిని ఒండ్రుతో పూడ్చి, పైమట్టి మళ్లీ పరిచి, కాలువలు వదిలేలోగా చేనుని మళ్లీ చేనుగా అప్పజెప్పాలి. అదీ ఒప్పందం.

"నాకున్నది ఇదేనండి ధర్మరాజుగారూ. నాట్లు పడకపోతే పిల్లలకి గింజలుండవండి," అన్నారావిడ. పూచీ నాదన్నాను.

మనిషి లోతంటే ఏ మనిషి? గోతి మధ్య తవ్వకుండా ఒక మట్టిదిమ్మ వదిలి, కూలీల్లో ఒకణ్ణి దానికి వీపు ఆనించి నిలబెట్టడం మా అలవాటు. వాడి నడినెత్తి నేలమట్టానికి వస్తే తవ్వకం ఆపేస్తాం. నేను అబ్బుల్ని నిలబెట్టాను. అందరిలోకీ వాడే పొడుగు. మనిషిని బాగానే ఎంచారని వీరాయమ్మగారు నవ్వారు. నా తెలివికి నేనూ మురిసిపోయాను.

అబ్బులు తల నేలమట్టానికి వచ్చింది. అడుగున మట్టి ఇంకా బాగుంది. అంచులు విరిగిపడకుండా మెట్లుగా కోయించాలి. మట్టి వదులుకోలేక నిలువుగా కోయించాను.

"తల దాటిపోయిందండి మేస్త్రిగారూ," అన్నాడు అబ్బులు, దిమ్మకి ఆనుకుని చుట్ట కాలుస్తూ.

"ఇంకో జానెడు తియ్యి."

"ఆయ్," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అంచు విరిగి వాడి మీద పడింది. బయటికి తీసేసరికి నోటినిండా మట్టి. నావల్లే పోయాడని ఎవరూ అనలేదు. నాకు తెలుసు.

పూడ్చడం మొదలుపెట్టాం. పదిరోజులు ఇరవైమంది తట్టలు మోశారు. సాయంత్రానికి నిండిన గొయ్యి తెల్లారేసరికి దిగిపోయేది. దిమ్మ మళ్లీ పైకి తేలేది. ఎప్పుడు కొలిచినా ఒకటే లోతు... అబ్బులు ఎత్తు, పైన ఒక జానెడు.

నాలుగు రోజుల్లో కాలువ వదులుతారనగా కూలీలు మానేశారు. వీరాయమ్మగారు గట్టున కూర్చుని గోతిలోకి చూసేవారు. ఆ చూపు భరించలేక, ఆవిడ ఇంటికి వెళ్లాక, దీపాలు పెట్టేవేళ ఒక్కణ్ణే దిగాను.

కింద గాలి లేదు. పచ్చిమట్టి వాసన. ఎక్కడో ఊటనీరు బొట్టు బొట్టుగా పడుతోంది. కప్పలు కూడా అరవడం లేదు. కాసేపటికి చుట్ట వాసన వచ్చింది... దిమ్మ అవతలి నుంచి.

"అబ్బులూ," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఆయ్."

గుసగుసగా అడిగాను. "ఈ గొయ్యి పూడాలంటే ఏం చెయ్యమంటావు?"

"నేను సరిపోలేదు కదండి. తమరు నిలబడండి."

నిలబడ్డాను. వీపుకి దిమ్మ చల్లగా తగిలింది. నడినెత్తి మీద ఏదో... అరచెయ్యి. తడి అరచెయ్యి. మెల్లిగా నొక్కింది. తల వెనక మట్టిలో గోటితో గీత గీసిన చప్పుడు...

పైకి ఎలా ఎక్కానో గుర్తులేదు.

మర్నాడు కూలీల్ని బతిమాలి పూడ్పించాను. ఈసారి మట్టి దిగిపోలేదు. కాలువ వదిలారు, నాట్లు పడ్డాయి. వీరాయమ్మగారు నాకు దణ్ణం పెట్టారు. నేను మేస్త్రిపని మానేసి ముమ్మిడివరం వచ్చేశాను.

ఆరేళ్లయింది. నిన్న ఆవిడ పొరుగింటి గంగరాజు ఒక వెదురుకర్ర పట్టుకుని వచ్చాడు. చేలో దిమ్మ ఉన్నచోట మనిషి పట్టేంత మేర మట్టి దిగిపోయిందట. ఎంత పోసినా నిండటం లేదట, చేలో నీళ్లన్నీ అందులోకే పోతున్నాయట. లోతు కొలిచి, అంతకి కర్ర కోసి, ఏం చెయ్యాలో నన్ను అడిగి రమ్మన్నారట.

కర్రని వాకిట్లో నా పక్కన నిలబెట్టాడు. చేత్తో తడిమి చూసుకున్నాను. నా నడినెత్తి దాటి, పైన ఒక జానెడు ఉంది.

"ఆవిడకి ఏం చెప్పమంటారండి?" అన్నాడు గంగరాజు.