సులక్షణ పేరు మీద

"ఏవండీ... ఇంకొక్కసారి నొక్కి చూడండీ!"

సులక్షణ బతిమాలింది. పొద్దుటి నుంచి ఇరవైసార్లు నొక్కాడు శ్రీరంగ్. ల్యాప్‌టాప్ తెర నల్లగా అలాగే ఉంది. లోపలెక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు... అంతే!

అందులో ఆమె తల్లి గొంతు ఉంది. మిరజ్‌లో పుట్టింటి వంటింట్లో, పోయే ముందు ఏడాది, తిరగలి ముందు కూర్చోబెట్టి పాడించుకున్న పదకొండు పాటలు! ప్రతి పాటకీ ముందు "వింటున్నావుటే కుందా?" అని అడిగితేగానీ మొదలుపెట్టేది కాదు ఆ తల్లి. ఇంకోచోట కూడా దాచాలని సులక్షణ ఎన్నిసార్లు అనుకుందో! అత్తగారి మందులు, పిల్ల పరీక్షలు, రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

"ఊరుకో. సాయంత్రానికల్లా మీ అమ్మ పాటలు తెచ్చి నీ చేతిలో పెడతాగా!" అంటూ దాన్ని సంచిలో పెట్టుకున్నాడు శ్రీరంగ్. తానూ వస్తానంది. "నువ్వొస్తే అమ్మకి భాకరీ రొట్టెలు ఎవరు కాలుస్తారు?" అన్నాడు. నిజమే కదా అని ఆగిపోయింది, పిచ్చిది!

సాయంత్రం అతను వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"ఇదిగో, పెన్‌డ్రైవ్! ఆ కొట్టతను డిస్కు ఊడదీసి వేరే మిషన్‌కి తగిలించాడు. 'సార్, ఇది కొన ఊపిరితో ఉంది, అన్నీ రావు. ముందు ఏ ఫోల్డరు లాగమంటారు?' అన్నాడు. నా ఆఫీసువి పోతే పోనీ అనుకున్నాను. నీదే లాగమన్నాను!"

సులక్షణకి కళ్ళు చెమర్చాయి. తన కోసం ఈయన ఇంత చేశాడా! గబగబా దాన్ని టీవీకి తగిలించింది. అత్తగారు కూడా గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. తెర మీద 'సులక్షణ' అని కనిపించింది. తెరిచింది. కరెంటు బిల్లులు... అత్తగారి మందుల చీటీలు... పిల్ల స్కూలు కాగితాలు... దీపావళి ముగ్గులు...

"ఏవండీ, దీనికి పైనే ఉండాలే... 'కుందా' ఫోల్డరు ఏది?"

"ఆ, అదొకటి కనిపించింది. కుందా ఎవరు?"

సులక్షణ చేతిలోని రిమోట్ జారి కిందపడింది.

పద్దెనిమిదేళ్ళ కిందట, పెళ్ళిపీటల మీద, పెళ్ళికూతురి పేరు మార్చే తమ ఆచారం ప్రకారం పళ్ళెంలో పరిచిన బియ్యంలో ఉంగరంతో 'సులక్షణ' అని రాసింది ఇతనే! ఆ క్షణం నుంచి కుందా ఈ ఇంట్లో లేదు. పుట్టింటి వాటికి మాత్రం ఆ పేరే పెట్టి దాచుకుంది.

శ్రీరంగ్‌కి అప్పుడు అర్థమైంది. "ఆ కొట్టతను చెప్పాడు... ఒక్కసారి మేడంకి ఫోన్ చేయండి సార్ అని. నా పెళ్ళాం పేరు నాకు తెలీదా అని నవ్వాను..."

"మళ్ళీ వెళ్దాం పదండి! ఇప్పుడే!"

"లేదు... నీది రావడం అయిపోగానే ఆ డిస్కు ఆగిపోయింది. ఎంత చేసినా ఇంక తిరగలేదు. చాలా ప్రయత్నించాడు..."

అయ్యో! ఏం చెప్పి ఏడవగలదు ఆమె! నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది.

"పాపం నాదే తల్లీ!" అంది అత్తగారు ఆమె తల ఒళ్ళోకి తీసుకుంటూ. "కుందా అంటే పాతకాలం పేరని, మార్చి తీరాలని పట్టుబట్టింది నేనే..." అంతలోనే కొడుకు వైపు తిరిగింది. "ఏరా! పెళ్ళాం సంగతి అలా ఉంచు. కన్నతల్లిని నేను. పెళ్ళికి ముందు నా పేరేంటో చెప్పు చూద్దాం!"

శ్రీరంగ్ తల దించుకున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి, తల్లి అసలు పేరేంటని ఎన్నడూ అడిగి ఎరగడు. మెల్లగా వచ్చి భార్య పక్కన కూర్చుని, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి పిలిచాడు.

"కుందా... నన్ను క్షమించు కుందా..."

ఆమె ఉలిక్కిపడి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ... మీకు దణ్ణం పెడతాను, అలా పిలవకండి! మీ మీద కోపం లేదు. కానీ మీ గొంతులో ఆ పేరు అలవాటైపోతే... అమ్మ ఎలా పిలిచేదో అది కూడా మరిచిపోతానండీ!"