పేరు గుర్తులేని గిటారిస్టు

రేడియో వినడానికి ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఆ ఆదివారం పొద్దున్న ఆ ఇంటాయన వేసుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ వెనక్కి దువ్వుకుని, హాల్లో పెద్ద కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"జూలు పోయినా సింహం సింహమే అన్నయ్యా!" అంటూ లోపలికొచ్చాడు తమ్ముడు, చేతిలో కేకు డబ్బాతో.

ఊళ్ళో ఆయన్ని అందరూ సింహమనే పిలుస్తారు. ఒకప్పుడు భుజాల దాకా జుట్టు విరబోసుకుని, గొంతు చించుకుని పాడేవాడు. తమ్ముడు వెనక డ్రమ్స్ వాయించేవాడు. ఇప్పుడు తమ్ముడికి ఒక డ్రైవింగ్ స్కూలు ఉంది. సింహానికి మాత్రం పాత పేరే ఉంది. అది చాలు ఆయనకు. ఈ మధ్య కుర్రకారు మళ్ళీ ఆ మొదటి రికార్డు వెతుక్కుని వినడం మొదలుపెట్టాక మనిషి రెండంగుళాలు పొడవు పెరిగినట్టు నడుస్తున్నాడు.

వంటింట్లో ఆయన భార్య టమాటాలు తరుగుతోంది. బడిలో పిల్లలకు సంగీతం చెబుతుంది కాబట్టి వీధిలో పిల్లలందరికీ ఆవిడ పాటల టీచర్. ఆవిడకూ ఆ రోజు సంతోషంగానే ఉంది. కారణం మొగుడు కాదు, కూతురు. చిట్టి రేడియోలో చేరి మూడేళ్ళయినా సొంతంగా ఒక కార్యక్రమం చేతికి రావడం ఇదే మొదలు. రాక్ సంగీతాన్ని మలుపు తిప్పిన కళాకారుల గురించి వారానికొక భాగం. ఎంత బాగా చెప్పిందనీ! చర్చి పాటలు పాడుతూ ఎలక్ట్రిక్ గిటార్‌ను గర్జింపజేసిన సిస్టర్ రోసెట్టా థార్ప్‌తో మొదలుపెట్టింది. ఆవిడ పోయాక ముప్ఫై ఏళ్ళు దాటేదాకా సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదని చెప్పినప్పుడు చిట్టి గొంతు వణికింది. బిగ్ మామా థార్న్‌టన్ ముందు పాడిన పాట తర్వాత ఎల్విస్ నోట లోకమంతా మోగిందనీ, మొదట పాడినావిడకు దక్కింది చాలా తక్కువనీ చెప్పింది. ఆ పైన చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, బీటిల్స్, హెండ్రిక్స్. ప్రతి వారం పాటల టీచర్ స్టవ్ తగ్గించి మరీ వినేది. నా కూతురు న్యాయం తెలిసిన పిల్ల అనుకునేది.

ఈ వారం చివరి భాగం. మన ఊరి రాక్ ఎక్కడ పుట్టిందన్నది విషయం. ప్రశ్నలు అడిగేది చిట్టి, జవాబులు చెప్పేది సింహం.

"అమ్మా, ఇటు రా, మొదలైంది!" చిట్టి కేకేసింది. రికార్డింగ్ అంతకు ముందే అయిపోయింది కాబట్టి తనూ ఇంట్లోనే కూర్చుని వింటోంది.

"నువ్వు సౌండు పెంచవే, నాకు వినిపిస్తుంది," అంది తల్లి.

ముందు సింహం మొదటి రికార్డులోని పాట మొదట్లో వచ్చే గిటార్ వరస మోగింది. వరస చివర తీగ మీద అరచెయ్యి రాసుకున్నట్టు ఒక గీరుడు. ఆ గీరుడు వినగానే ఊళ్ళో ఎవరైనా పాట పేరు చెప్పేస్తారు. రేడియోలో చిట్టి అంటోంది: "తర్వాత వచ్చిన ప్రతి బ్యాండూ ఈ గీరుడినే పట్టుకుంది. మన ఊరి రాక్‌కు ఇది పుట్టుమచ్చ లాంటిది. సార్, ఈ వరస మీకు ఎలా తట్టింది?"

"వాన పడుతోంది," రేడియోలో సింహం గొంతు సవరించుకున్నాడు. "బస్సు కోసం నిలబడ్డాను. రేకుల మీద చినుకులు. అంతే, మనసులో మోగింది."

పాటల టీచర్ చిన్నగా నవ్వుకుంది. ఆ వాన కథ ఆమెకు కొత్త కాదు. పోనీలే, మగవాడు, నలుగురిలో గొప్ప చెప్పుకుంటాడు అని ఏనాడో సరిపెట్టుకుంది.

"రికార్డు మీద గిటారిస్టు పేరు లేదు. వాయించింది ఎవరు సార్?"

"ఎవరో... స్టూడియో వాళ్ళు రోజు కూలికి పిలిచిన కుర్రాడు. నేను ఎలా చెబితే అలా వాయించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. పేరు కూడా గుర్తులేదు."

కత్తి టమాటాలో సగం దిగి ఆగిపోయింది.

చెవిలో సీసం పోసినట్టయింది ఆమెకు. పొరపాటున విన్నానేమో అనుకుంది. కానీ హాల్లో తమ్ముడు ఒక్కసారి దగ్గాడు. ఆ దగ్గుతో ఆమెకు అర్థమైంది, తను విన్నది నిజమేనని. రేడియోలో ఇంకా ఏదో నడుస్తోంది. చప్పట్లు, పాట, చిట్టి ముగింపు మాటలు. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, హాల్లోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎలా ఉందమ్మా?" చిట్టి మొహం వెలిగిపోతోంది.

"ఆ కుర్రాడు ఎవరండీ?" ఆమె మొగుణ్ణే చూస్తూ అడిగింది.

"ఏ కుర్రాడు?"

"రోజు కూలికి వచ్చి గిటార్ వాయించి వెళ్ళినవాడు."

సింహం కాలు దించాడు. "అబ్బా, ఏదో మాట వరసకి అన్నాను. చిట్టి అడిగింది, నోటికొచ్చింది చెప్పాను. ముందు కేకు కొయ్యి."

"మాట వరసకా? ఊరంతా విన్నది."

"ఏమైందమ్మా?" చిట్టి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

పాటల టీచర్ మరిది వైపు తిరిగింది. "నువ్వూ ఉన్నావుగా ఆ రోజు స్టూడియోలో. నువ్వు చెప్పు. కుర్రాడు ఎలా ఉన్నాడు? నల్లగానా, తెల్లగానా?"

డ్రైవింగ్ స్కూలు ఆయన గోడమీద పిల్లిలా అన్నను ఒకసారి, వదినను ఒకసారి చూశాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకు వదినా... మంచి రోజు, నవ్వుతూ ఉన్నాం..."

"నవ్వేది మీరు. చెప్పు."

ఆయన కేకు డబ్బా దారం విప్పుతున్నట్టు నటించి, ఆపేశాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "వదినే. వాయించింది వదినే చిట్టీ. ఆ వరస కట్టిందీ వదినే."

వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక మొరాయిస్తోంది.

"అమ్మా? నువ్వా?" చిట్టి నవ్వబోయి, నవ్వు రాక ఆగింది. "నీకు గిటార్... అంటే పిల్లలకు నేర్పుతావు, తెలుసు, కానీ..."

"అప్పుడు మేం ఒక దర్జీ కొట్టు పైన గదిలో ఉండేవాళ్ళం," అంది తల్లి. గొంతు పెంచలేదు. "కింద కుట్టుమిషను పొద్దస్తమానం ఆడేది. ఆగేది, మళ్ళీ అందుకునేది. ఆ తూగు మీద కట్టాను దాన్ని. వాన లేదు, బస్సూ లేదు. ఇక నువ్వు పుట్టుమచ్చ అన్నావే, ఆ గీరుడు, అది సొగసు కోసం వాయించింది కాదు. అప్పుడు నాకు ఆరో నెల. పొట్ట అడ్డొచ్చి గిటార్ సరిగ్గా ఒళ్ళో నిలిచేది కాదు. పక్కకి జరిపి పట్టుకుంటే, వరస చివర చెయ్యి తీగలకు రాసుకునేది. ఎంత ప్రయత్నించినా పోలేదు. ఉండనీ, బాగుంది అన్నాడు మీ నాన్నే. ఆ పొట్టలో ఉన్నది నువ్వే."

చిట్టి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"కంపెనీ వాడు ఆడదాని పేరు వేస్తే రికార్డు కొనరన్నాడు," సింహం గొంతు తగ్గింది. "నువ్వూ సరేనన్నావు కదా."

"అన్నాను. నా పేరు వెయ్యకపోయినా సరేనన్నాను. ఇంట్లో మనిషే కదా పైకొస్తున్నాడు అనుకున్నాను. రెండో రికార్డుకి నీ పేరే ముందు వేస్తామన్నారు. బిడ్డ పుట్టింది, బిడ్డకు పాలెవరిస్తారన్నారు. సరేనన్నాను. నా స్థానంలో పెట్టుకున్నవాడు నా గీరుడే నేర్చుకుని స్టేజీ మీద వాయిస్తుంటే, పిల్లని ఎత్తుకుని వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. వాన కథ చెప్పారు, నవ్వుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. అదీ ఒప్పుకున్నాను. పేరు వెయ్యకపోవడం వేరు, నా చోట ఇంకెవణ్ణో కూర్చోబెట్టడం వేరు. అసలు లేనివాణ్ణి పుట్టించి, నా చేతులు తీసి వాడికి అంటించావు. వాడికి కూలి కూడా ఇచ్చావు! నాకు అదైనా ఇచ్చావా నువ్వు?"

పెళ్ళికి ముందు, బ్యాండు కొత్తలో, ఆమె అతన్ని నువ్వు అనేది. పెళ్ళయ్యాక ఆ మాట మానేసింది. అది ఇన్నేళ్ళ తర్వాత తనంతట తానే నోట్లోంచి వచ్చేసరికి సింహం తలెత్తి చూశాడు.

"నేను పాడేవాణ్ణి," అన్నాడు చివరికి. "నాలా పాడేవాళ్ళు వీధికి నలుగురు. జనం ఆ పాటను గుర్తుపెట్టుకున్నది గిటార్ వల్ల. అది నీదని చెబితే... ఇక నాకంటూ ఏం మిగులుతుంది చెప్పు?"

అది నిజం. అన్నేళ్ళలో ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి నిజమేమో కూడా. కానీ అబద్ధం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది ఆమెకు. అంటే ఈయన మరిచిపోలేదు. తెలియకా కాదు. ఇన్నాళ్ళూ తెలిసి, పక్కనే పడుకుని, పక్కనే కూర్చుని అన్నం తిని, తెలిసే చేశాడు.

"అమ్మా, నాకు నిజంగా తెలీదు," చిట్టి లేచి వచ్చి చెయ్యి పట్టుకోబోయింది. "నువ్వు ఒక్కసారైనా చెప్పలేదు కదమ్మా!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు అడిగావా? ఎక్కడో సముద్రాలవతల, నువ్వు పుట్టకముందు పోయినావిడ సమాధి మీద రాయి లేదని ఏడ్చావు. మీ నాన్న దగ్గర మూడు పూటలు కూర్చుని మాట్లాడావు. నేను కాఫీ తెచ్చి పెట్టాను. కప్పు అందుకున్నావు. అమ్మా, ఆ రోజుల్లో నువ్వేం చేసేదానివి అని ఒక్క మాట అడగాలనిపించలేదే నీకు!"

చిట్టి గోడకు ఆనుకుని కిందికి జారి, అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

పాటల టీచర్ ఆ రోజు ఇంట్లో ఉండలేదు. సంచిలో రెండు జతల బట్టలు సర్దుకుంది. ఎక్కడికని మొగుడు అడిగితే, "పేరు గుర్తులేనివాళ్ళకి చిరునామా ఎందుకు?" అంది. మరిది కారు తీస్తానన్నాడు. "నువ్వు వద్దు. నీ నోరు పెగలడానికి ఇన్నేళ్ళు పట్టింది," అని చెప్పులేసుకుంది. మెట్ల దాకా పరిగెత్తుకొచ్చిన చిట్టి సంచి లాక్కుంది. "నా గదికి రామ్మా. మాట్లాడకు, తిట్టు, ఏమైనా చెయ్యి. ఒక్కదానివీ ఎక్కడికీ పోకు."

ఆఫీసుకు దగ్గరని చిట్టి మూడో అంతస్తులో ఒక చిన్న గది తీసుకుంది. ఒకటే మంచం. రెండు రోజులు తల్లీకూతుళ్ళు ఆ మంచం మీద వీపులు తిప్పుకునే పడుకున్నారు. పాటల టీచర్ బడికి వెళ్ళింది, వచ్చింది, వండింది. మూడో రోజు సాయంత్రం చిట్టి పప్పు గిన్నె ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎక్కడెక్కడి వాళ్ళనో తవ్వి తీశానమ్మా. అన్యాయం జరిగింది, అన్యాయం జరిగింది అని మైకు ముందు గొంతు చించుకున్నాను. అది నేను తిన్న కంచం దాకా వచ్చి కూర్చుంటే కనిపించలేదు. కార్యక్రమం అయిపోయినా, ఈ ఆదివారం ఆ సమయం అడిగి తీసుకుని మళ్ళీ చెబుతాను. నేనే చెబుతాను, నీ పేరు పెట్టి."

తల్లి కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దింది. మూడు రోజుల్లో ఆమె చిట్టిని ముట్టుకోవడం అదే మొదటిసారి. "నువ్వు చెబితే అమ్మ మీద ప్రేమతో చెప్పిందంటారు. నువ్వు చెప్పకు. ఎవరు చెరిపారో వాళ్ళే రాయాలి."

చిట్టి వెళ్ళి తండ్రికి ఆ మాటే చెప్పింది. ఆయన ఏమన్నాడో తల్లి అడగలేదు.

ఆదివారం వచ్చింది. గదిలో ఆమె ఒక్కతే ఉంది. వినకూడదనుకుంటూనే రేడియో పెట్టింది. ఈసారి ముందే రికార్డు చేసింది కాదు, నేరుగా వస్తోంది. చిట్టి ఎక్కువ మాట్లాడలేదు. "పోయిన వారం చెప్పినదాంట్లో తప్పుంది. చెప్పినవారే దిద్దుతామన్నారు," అని ఊరుకుంది.

సింహం గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినిపిస్తోంది.

"పోయిన వారం నేను... కుర్రాడు అన్నాను. అలాంటివాడు ఎవరూ లేరు. గిటార్ వాయించింది నా భార్య. వరస కట్టిందీ ఆవిడే. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. రికార్డులో ఆమె వాయించిన తీరు వినే మన ఊళ్ళో అందరూ నేర్చుకున్నారు. ఎవర్ని వింటున్నారో వాళ్ళకు తెలీదు, నేను చెప్పలేదు కాబట్టి. మరిచిపోయి కాదు. చెబితే నేను చిన్నవాణ్ణయిపోతానని. అబద్ధం నాది. ఇంకెవరిదీ కాదు. ఆమె వింటోందో లేదో నాకు తెలీదు."

పాటల టీచర్ మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. నాకేం పట్టింపు లేదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన ఏళ్ళన్నీ ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. పట్టింపు ఉంది. ఎప్పుడూ ఉంది. ఎంత ఉందో ఆ మాటలు వినే దాకా ఆమెకే తెలియలేదు.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మూడంతస్తులెక్కి ఆయాసపడుతూ ఆయన నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగిపోయింది. వెనక ఎవరూ లేరు. చిట్టిని కింద వదిలి ఒక్కడే వచ్చినట్టున్నాడు. ఇంటికి రమ్మనలేదు, క్షమించమనలేదు.

"లోపలికి రావచ్చా?" అనడిగాడు.

ఆయన అనుమతి అడగడం ఆమెకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయన మొహంలోకి చూసింది.

"క్షమించాననుకోకు."

"అనుకోను."

"ఇవాళ మాట్లాడేది నేను. నువ్వు వినాలి."

"వింటాను."

ఆమె పక్కకి జరిగింది. ఆయన లోపలికొచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కాకుండా కింద చాప మీద కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు వాలే దాకా చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడే గానీ మధ్యలో ఒక్క మాటా అందుకోలేదు.