ఆపరేషన్ ఎర్రమల

"గండికోటలో గాలెలా ఉంది?"

"లోయలోకే తోస్తోంది."

"గుడ్. పెట్టె పోయింది, ఏజెంట్."

జమ్మలమడుగు బయట నాపరాతి బండల క్వారీ పక్కన, పాత పికప్ ట్రక్కులో కూర్చున్న డ్రైవర్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. స్పీడోమీటర్ వెనక దాచిన స్పీకర్‌లో మాట్లాడుతున్నది ఢిల్లీలోని చీఫ్. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ మాస్టారంటారు. ఈ డ్రైవర్‌ను ఇక్కడ అందరూ రామం అంటారు. మాసిన లుంగీ, తలకు తువ్వాలు, కనుబొమల మీద బండల దుమ్ము. అసలు పేరు సుధన్వ. ఆ పేరుతో పిలిచే మనిషి ఈ జిల్లా మొత్తంలో ఒక్కరే ఉన్నారు.

"ఎప్పుడు సార్?"

"పొద్దున ఎనిమిదికి. టెస్ట్ ఇంజనీర్ కాఫీలో మత్తుమందు కలిపారు. అతను లేచేసరికి కొత్త బండి డాష్‌బోర్డ్ ఖాళీ. ఆల్బట్రాస్ ముఠా పని."

పోయింది ఆషామాషీ పెట్టె కాదు. త్రికూట మోటార్స్ వాళ్ళ ఎర్రమల పికప్ మొదట 1972లో వచ్చింది. అప్పటినుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల మధ్య ఆ బండి మొయ్యనిదంటూ లేదు. వేరుశనగ బస్తాలు మోసింది, పెళ్ళివారిని మోసింది, ఎన్నికల మైకులు మోసింది, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను రోడ్డే లేని చోటునుంచి ఆస్పత్రికి చేర్చింది. స్టార్ట్ కాకపోతే నాలుగు తిట్టాలని డ్రైవర్ల నమ్మకం. సుధన్వ కూడా తిట్టి చూశాడు, స్టార్టయింది. యాభై ఏళ్ళు దాటాక ఇప్పుడు కొత్త ఎర్రమల వస్తోంది. ఫోటో తీసినా ఆకారం తెలియకుండా ఒంటినిండా నలుపు తెలుపు వంకర గీతల స్టిక్కర్ కప్పుకుని నెల రోజులుగా ఈ క్వారీ దారుల్లో టెస్టులకు తిరుగుతోంది. దాని మెదడే ఆ పెట్టె. చక్రం కింద ఉన్నది రాయో, ఇసుకో, నల్లరేగడి బురదో కనిపెట్టి ఇంజన్‌కు చెబుతుంది. ఆర్మీ నాలుగు వేల బండ్లకు ఆర్డర్ ఇచ్చింది. పెట్టెలోని లాక్ కోడ్ పరాయి దేశం చేతికి చిక్కిందంటే, సరిహద్దులో ఆ నాలుగు వేల బండ్లనూ ఒక్క బటన్‌తో ఆపేయవచ్చు.

మాస్టారికి పట్టని సంగతి ఇంకొకటుంది. ఆ పెట్టెకు నడక నేర్పింది పాత ఎర్రమలల్లో అమర్చిన రికార్డర్లు. వాటిలో ఒకటి సుధన్వ బండిలో ఉంది. ఆ రికార్డర్లకూ, తర్వాత టెస్టులకూ కాపలా అని వచ్చి అతను పద్నాలుగు నెలలు బండలు తోలాడు. ఏ గుంత దగ్గర బ్రేకు తొక్కాడో, ఏ ఎత్తులో గేరు మార్చాడో అంతా ఆ పెట్టెలో ఉంది. ఈ పద్నాలుగు నెలలూ అతను బతికాడని చెప్పడానికి లోకంలో వేరే రుజువు లేదు.

"హరిణి సమాచారం నేరుగా నీకే ఇస్తుంది," అన్నాడు మాస్టారు. "ఆమె చెప్పినట్టు చెయ్యి. ఓవర్."

హరిణి త్రికూట కంపెనీలో బ్రాండ్ మేనేజర్. నల్ల కళ్ళద్దాలు, పట్టు చీర, ఆమె నడిచొస్తే ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ వాళ్ళు లేచి నిలబడేవారు. రహస్యాలు విదేశాలకు అమ్మే ఆల్బట్రాస్ ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె తమ మనిషేనని డిపార్ట్‌మెంట్ లెక్క. ప్రతి గురువారం బంగారం అంగట్లోంచి బయటికొచ్చి, సుధన్వ బండి పక్కగా పోతూ సమాచారం రాసి మడిచిన రసీదు ఒకటి కిటికీలోంచి వేసి, "సుధన్వా, బాగున్నావా?" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని అతను వారం గడిపేవాడు. గూఢచారికి ఇది తగని పని అని అతనికీ తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన మనసు మాట వింటుందా?

పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"పెట్టెతో మూడు గంటలకు సిల్వర్ కలర్ కారు," అంది హరిణి. "పులివెందుల మీదుగా బెంగళూరు. నువ్వు పులివెందుల రింగ్ రోడ్డు దగ్గర కాపు వెయ్యి. నేనూ అక్కడికే వస్తున్నా. పని కాగానే హోటల్లో కలిసి భోంచేద్దాం సుధన్వా. ఎదురెదురుగా కూర్చుని, మామూలు మనుషుల్లాగా."

"వస్తున్నా," అన్నాడు, అప్పటికే బండి స్టార్ట్ చేస్తూ.

ఊరి చివర సైదాబీ హోటల్ దగ్గర టీకి ఆగాడు. సైదాబీ మాట పెళుసుగానీ చెయ్యి మెత్తన. అడగకుండానే పక్కన రెండు బజ్జీలు పెట్టింది.

"ఏమప్పా రామం, ఈపొద్దు మొగం ఎలిగిపోతాంది. పెండ్లి గిండ్లి కుదిరిందా ఏంది?"

"పులివెందులకు పోతాండా పిన్నీ. భోజనానికి."

"అన్నానికి అంత దూరమా? ఎవురప్పా ఆ పిల్ల?"

అతను నవ్వి ఊరుకున్నాడు. అప్పుడే రోడ్డు మీద ఇంకో పాత ఎర్రమల ప్రొద్దుటూరు వైపు పోయింది. వెనక బండల లోడు. సైదాబీ గరిటె ఎత్తి చూపించింది.

"వాని తెలివి తెల్లారినట్టే ఉంది! బండల్ని పండబెట్టి తీస్కపోతాండాడు సూడు. ఎవుడప్పా వాడు, యాడనుంచి దిగినాడు?"

సుధన్వ చేతిలో గ్లాసు ఆగిపోయింది. బండల్ని బండిలో ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి, తాడుతో బిగిస్తారు. పడుకోబెడితే మొదటి గుంతలోనే పటపటా విరుగుతాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో బండలు మోసే ఏ కూలీకైనా ఇది పుట్టుకతో తెలుసు. బండలు చేరాలనుకునేవాడు అలా పేర్చడు. కింద ఏదో పెట్టి పైన కప్పు వెయ్యాలనుకునేవాడే పేరుస్తాడు.

హరిణికి ఫోన్ చేశాడు. "బండల బండి ఒకటి ప్రొద్దుటూరు వైపు పోతోంది. అనుమానంగా ఉంది."

ఆమె వెంటనే కొట్టిపారేసింది. "అది మనల్ని మళ్ళించడానికి వేసిన ఎర. నువ్వు పులివెందుల రా. నన్ను నమ్మవా?"

నమ్మితే ఎదురుగా ఒక మనిషి, రెండు విస్తళ్ళు, నోరారా తన పేరు. నమ్మకపోతే మళ్ళీ తనూ తన స్టీరింగూ. అనుమానం తప్పయితే ఆమె ఇంకెప్పుడూ అతని కిటికీ పక్కకు రాదు. నిజమైతే అసలే రాదు. రెండు విధాలా పోయేది తనదేనని సుధన్వకు అర్థమైంది. ఏడుపొచ్చింది. టీ డబ్బులు బల్లమీద పెట్టి బండెక్కాడు.

బండి ప్రొద్దుటూరు వైపు తిరిగింది.

ముందు బండి పది నిమిషాలు ముందుంది. రోడ్డున పోతే అందదు. సుధన్వ పెన్నా ఒడ్డున ఆగి నాలుగు టైర్లలో గాలి తగ్గించి, ముందు చక్రాలకూ పవర్ కలిపి, ఏటి ఇసుకలోకి దిగాడు. యాభై ఏళ్ళ బండి మూలుగుతూ, దగ్గుతూ ఇసుకను ఈదింది. రెండుసార్లు కూరుకుపోబోయింది. అతను నాలుగు తిట్టాడు. కదిలింది. ప్రొద్దుటూరు ట్రాఫిక్ మొత్తం పక్కకు తప్పించి ఓడరేవుకు పోయే లారీలు పట్టే మైదుకూరు రోడ్డెక్కేసరికి ఒంటిగంట కావస్తోంది.

రోడ్డు పక్క ఖాళీ మైదానంలో పెద్ద కంటైనర్ లారీ, వెనక తలుపులు బార్లా తెరిచి, ఇనుప ర్యాంప్ దించి ఉంది. పక్కన టోపీ పెట్టుకున్న విదేశీయుడు. గండికోట చూడటానికొచ్చిన టూరిస్టునని మూడు వారాలుగా జమ్మలమడుగులో తిరుగుతున్న మనిషి. బండల బండి ర్యాంప్ వైపు పోతోంది. అది లోపలికెక్కి తలుపు మీద సీలు పడితే, మళ్ళీ తెరిచేది సముద్రం అవతలే.

ముందు చక్రాలు ర్యాంప్‌ను తాకబోతుండగా సుధన్వ తన బండిని అడ్డంగా దూర్చాడు. ఇనుమూ ఇనుమూ కొట్టుకున్నాయి. లోడు కదిలి బండలు జారి నేలమీద ముక్కలయ్యాయి. వాటికింద నురుగు షీట్లో చుట్టిన నల్ల పెట్టె బయటపడింది.

"హ్యాండ్సప్!" సుధన్వ చేతిలో ఉన్నది గ్రీజు గన్‌లా కనిపిస్తుంది, కానీ దాంట్లోంచి వచ్చేది గ్రీజు కాదు. టోపీ మనిషి చెయ్యి జేబులోకి పోయింది. తూటా టోపీని ఎగరగొట్టింది. రెండు చేతులూ పైకి లేచాయి. బండల బండి డ్రైవర్ అంతకుముందే ఎత్తేశాడు.

వాడి సీట్లో ఫోన్ మోగింది. సుధన్వ తీసి చెవికి ఆనించుకున్నాడు.

"సరుకు ఎక్కిందా?" హరిణి గొంతు.

అతను కాళ్ళ దగ్గర పడ్డ బండ ముక్కల్ని చూశాడు.

"సుధన్వా?"

"బండల్ని పడుకోబెట్టకూడదు హరిణీ," అన్నాడు మెల్లగా. "విరుగుతాయి."

ఫోన్ కట్ అయింది.

సాయంత్రానికి పులివెందుల హోటల్లో సుధన్వ కోసం కాచుకున్న ఇద్దరు షూటర్లను పోలీసులు పట్టుకున్నారు. హరిణి పేరుమీద టేబుల్ నిజంగానే బుక్ అయి ఉంది. ఆమె మాత్రం లేదు. ఏ ఊరి మీదుగా, ఏ పాస్‌పోర్ట్‌తో పోయిందో ఎవరికీ అంతు చిక్కలేదు.

"వెల్ డన్," అన్నాడు మాస్టారు. "మనవైపు నష్టాలేమైనా?"

"లేవు సార్," అన్నాడు సుధన్వ.

పదిహేను రోజుల తర్వాత కొత్త పోస్టింగ్‌కు పోవడానికి అతను ప్రొద్దుటూరు బస్టాండులో చిన్న సంచితో నిలబడ్డాడు. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఎదురుగా ఎర్రటి కొత్త ఎర్రమల బొమ్మతో పెద్ద హోర్డింగ్ లేచింది. బొమ్మ కింద పెద్ద అక్షరాలు: 'ఏ దారిలోనూ మీరు ఒంటరి కాదు.' అది హరిణి రాసిన వాక్యం. ఆమె ముట్టుకున్న ప్రతి కాగితాన్నీ డిపార్ట్‌మెంట్ సీలు చేసింది గానీ, దీన్ని మాత్రం కంపెనీ బతిమాలి ఉంచుకుందట. జనానికి బాగా నచ్చిందని.