అక్క దాచిన జబ్బు

ఆ రోజు పొద్దున్నే ప్రేమావతి తలంటు పోసుకుని, అద్దం ముందు నిలబడి పట్టుచీర కట్టుకుంటోంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఎడమ పక్క జాకెట్టు లోపల దూది మెత్త ఒకటి పెట్టుకోవడం అలవాటైంది. అది కుదురుగా కూర్చోకపోతే పైట నిలవదు. రెండు మూడుసార్లు సర్దుకుని కుచ్చిళ్ళు దోపుకుంది. ఆ చీర అక్క మాణిక్యమ్మ పెట్టిందే. అక్క పెట్టిన చీర కట్టుకునే అక్క పరువు తియ్యాలని ఆమె ముచ్చట.

"ఏంటి ప్రేమా, ఇంకా కాలేదా? విస్సన్నపేట నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు బయల్దేరారంట. మీ బావగారు రెండుసార్లు ఫోన్ చేశారు" అన్నాడు హాల్లోంచి భర్త మల్లేశ్వరరావు.

"వస్తున్నా. నేను రాకుండా తాంబూలాలు మార్చుకోర్లెండి."

"నీ వాలకం చూస్తే శుభకార్యానికి వెళ్తున్నట్టు లేదు. కోర్టుకెళ్తున్నట్టుంది."

"అలాగే అనుకోండి" అంది ప్రేమావతి. అతను నవ్వి బండి తాళాల కోసం వెతుక్కున్నాడు. పాపం, ఆయనకేం తెలియదు. ఆమె మొగుడికి కూడా చెప్పకుండా దాచుకున్న మాట అది.

తిరువూరులో అక్కాచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య దూరం రెండు వీధులు. ఈ ఇంట్లో పులిహోర కలిపితే ఆ ఇంటికి గిన్నె వెళ్ళాల్సిందే. రెండేళ్ళ కిందట మామిడి కోతల రోజుల్లో స్నానం చేస్తుంటే ప్రేమావతి చేతికి గోలీకాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు, ఏం లేదు. ముందు చెప్పింది అక్కకే. అక్కే ఆటో ఎక్కించి ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్ష చేసి, "మీ అమ్మకి గానీ, అక్కచెల్లెళ్ళకి గానీ రొమ్ము క్యాన్సర్ ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. "ఎవరికీ లేదండి" అంది ప్రేమావతి, ఇదేం ప్రశ్న అన్నట్టు. అక్క పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. తల వంచుకుని హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగుతూ కూర్చుంది.

"అయితే కొవ్వు గడ్డలా ఉంది. పెరిగితే రండి" అని పంపించేశాడు డాక్టరు. ఆమె కూడా కోతల హడావుడిలో పడి ఊరుకుంది. అది పెరిగింది. నిమ్మకాయంత అయ్యాక, చంకలో కూడా తగిలాక విజయవాడ పరిగెత్తారు. రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఇంజక్షన్లు, వాంతులు, ఊడిపోయిన జుట్టు. "ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే మిగతా ఆడవాళ్ళని ముందునుంచే ఏడాదికోసారి పరీక్షకి రమ్మంటాం. చిన్నగా ఉన్నప్పుడే దొరికిపోతుంది. మీ ఖర్మ కొద్దీ మీ ఇంట్లో మీరే మొదటివారు" అంది అక్కడి డాక్టరమ్మ.

మొదటివారు కాదని తెలిసింది దసరాకి ముందు. బావ వెంకటప్పయ్య ఆస్పత్రికి చూడ్డానికొచ్చి, ఆమె వాంతులు చేసుకుంటుంటే తట్టుకోలేక, "భయపడకమ్మా, మీ అక్కకి కూడా మూడో ఇంజక్షన్ నుంచి తగ్గాయి" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. మొహం పక్కకి తిప్పుకుని, మందుల చీటీ కావాలని గబగబా బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఆమె నిలదీస్తే, కుడి పక్కదనీ, ఉచిత పరీక్షల్లో చిన్నగా ఉండగానే దొరికిందనీ ఒప్పుకుని, తెలిసినట్టు అక్కకి చెప్పొద్దని బతిమాలాడు.

అప్పుడు అన్నీ అతుక్కున్నాయి. తొమ్మిదేళ్ళ కిందట అక్క హైదరాబాదులో ఆడపడుచు ఇంట్లో ఆరు నెలలు ఉంది. గర్భసంచి తీయించుకున్నానంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఆపరేషన్ కాని ఆడది ఎక్కడుంది? ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. గుండుతో తిరిగొచ్చి, తిరుపతిలో తల ఇచ్చానంది. లడ్డూ కూడా పంచింది. ప్రేమావతి ఆ లడ్డూ కళ్ళకద్దుకుని తిన్నది. అక్క ఎంత భక్తురాలో అని నలుగురికీ చెప్పింది కూడాను.

ఆ రోజు నుంచీ ఆమెకి కడుపు రగిలిపోతూనే ఉంది. అయినా అక్కని ఒక్క మాట అనలేదు. అక్క కూతురు వినీల సంబంధం కుదురుతోందని తెలిసి మరీ ఊరుకుంది. ఈ సంబంధం కోసమే కదా దాచింది! అయితే కుదరనీ. చుట్టాలందరూ కూడనీ. తాంబూలాల పళ్ళెం మధ్యలో పెట్టాక చెప్తే ఎలా ఉంటుందో చూడాలి. చీరలు ఎంచడానికి అక్కతో విజయవాడ కూడా వెళ్ళొచ్చింది, నవ్వుతూనే.

*

మాణిక్యమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. లోపల హాల్లో పెళ్ళికొడుకు శశాంక్ తరఫు వాళ్ళు కూర్చుని కాఫీలు తాగుతున్నారు. మాణిక్యమ్మ ఇటూ అటూ తిరుగుతోంది. మోచేతుల కిందకి వచ్చే జాకెట్టు, మెడ నిండా నగలు. చెల్లెల్ని చూసి గబగబా ఎదురొచ్చింది.

"ఇంత ఆలస్యమేంటే? వినీల నీకోసమే చూస్తోంది, జడ నువ్వే వెయ్యాలంట."

"వేస్తాలే. ముందు అందర్నీ పలకరించనీ" అని ప్రేమావతి సరాసరి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

పెళ్ళికొడుకు తల్లి నెమ్మదైన మనిషి. ప్రేమావతి తలకేసి చూసింది. జుట్టు అప్పుడప్పుడే మగపిల్లాడి క్రాపులా పెరుగుతోంది.

"మీ చెల్లెలుగారికి ఒంట్లో బాలేదని విన్నాం వదినగారూ. ఇప్పుడెలా ఉంది?"

ప్రేమావతి నోరు తెరిచే లోపే మాణిక్యమ్మ అందుకుంది. "అబ్బే, ఏం లేదండీ వదినగారూ! గర్భసంచి ఆపరేషన్ అయింది. తగ్గితే తల ఇస్తానని తిరుపతి మొక్కుకుంది. మొన్నే ఇచ్చి వచ్చింది."

అదే గర్భసంచి. అదే తిరుపతి. మార్చి చెప్పే ఓపిక కూడా లేకపోయింది మహాతల్లికి! ముందు మూడేళ్ళు గడవనీ, ఐదేళ్ళ మాట తర్వాత చూద్దాం అన్నారు డాక్టర్లు తనతో. ఆ బాధని కూడా ఎత్తుకెళ్ళి మొక్కు కింద కట్టేసింది. అప్పటిదాకా ఏ మూలో కాస్త జంకు ఉండేది. అది కాస్తా పోయింది.

"గర్భసంచి కాదండీ" అంది ప్రేమావతి, హాలంతా వినపడేలా. "రొమ్ము క్యాన్సర్. ఎడమ పక్కది తీసేశారు. తిరుపతి వెళ్ళలేదు, మందులకి ఊడిపోయింది."

మల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. మాణిక్యమ్మ చెల్లెలి వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ప్రేమా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇక ఊరుకోవే" అంది చెవిలో.

ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన బతిమాలడం అది. ప్రేమావతికి ఒళ్ళంతా తేలికైపోయినట్టు అనిపించింది.

"డాక్టరు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగినప్పుడు పక్కనే కూర్చుని ఊరుకుందండీ మా అక్క. ఆవిడకీ అదే జబ్బు. కుడి పక్క. తొమ్మిదేళ్ళయింది. ఆవిడకి బఠాణీ గింజంత ఉన్నప్పుడే ఏదో ఉచిత పరీక్షల్లో దొరికిందంట, బతికి బట్టకట్టింది. నాకు మాత్రం దొరక్కుండా చూసింది!"

వెంకటప్పయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తల్లి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది. మాణిక్యమ్మ తిడుతుంది, అబద్ధమంటుంది, మీద పడి కొడుతుంది అనుకుంది ప్రేమావతి. ఆవిడ మాత్రం గోడకి ఆనుకుని, తలుపు వైపు చూస్తోంది.

తలుపు దగ్గర వినీల నిలబడి ఉంది. జడ సగమే వేసుంది. నూజివీడులో బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. తల్లికి జబ్బు చేసిన ఏడాది ఇంటర్ హాస్టల్లో ఉంది.

"అమ్మా, నిజమేనా?"

మాణిక్యమ్మ తల ఊపింది.

వినీల పిన్ని దగ్గరికి వచ్చింది. తల్లిని కడిగేస్తుందనీ, తనని కావలించుకుని ఏడుస్తుందనీ ప్రేమావతి ఆశ.

"నీకెప్పుడు తెలిసింది పిన్నీ?"

"దసరాకి ముందమ్మా. మీ నాన్నే నోరు జారాడు."

"దసరాకి ముందా?" వినీల గొంతు మారింది. "దీపావళికి మీ ఇంట్లో నీ పక్కనే పడుకున్నాను కదా. పెళ్ళి కబుర్లన్నీ చెప్పించుకున్నావు. అప్పుడు నాతో చెప్పొచ్చు కదా."

"అది కాదమ్మా..."

"అమ్మకి ఉంది. నీకుంది. మరి నా సంగతేంటి? నన్ను పరీక్ష చేయించుకోమని చెప్పాలని నీకొక్కసారైనా అనిపించలేదా? అమ్మ సంబంధం చెడిపోతుందని దాచింది. నువ్వు ఈ రోజు కోసం దాచావు. తేడా ఏముంది పిన్నీ?"

ప్రేమావతికి నిజంగానే అనిపించలేదు. ఇన్ని నెలలూ అక్క మొహం ఎలా పాలిపోతుందో అనే ఊహించుకుంది గానీ, తను ఎత్తుకుని పెంచిన ఈ పిల్ల ఒంట్లో కూడా ఆ రక్తమే ఉందని ఒక్కసారీ తట్టలేదు. డాక్టరమ్మ చెప్పిన మాట తనకి జరిగిన అన్యాయంగానే గుర్తుంది. ఇంకొకరికి పనికొచ్చే మాటగా గుర్తులేదు. సిగ్గుతో ఆమె తల కిందకి వాలిపోయింది.

వినీల కళ్ళు తుడుచుకుని పెళ్ళికొడుకు తల్లి వైపు తిరిగింది. "ఏమనుకోకండి ఆంటీ. ఈ రోజు తాంబూలాలు వద్దు. ముందు నేను డాక్టర్ని కలవాలి. ఆ తర్వాత మీకిష్టమైతేనే మాట్లాడుకుందాం."

"మేమూ కాస్త ఆలోచించుకోవాలిలే అమ్మా" అంది ఆవిడ. మాటలో కోపం లేదు గానీ లేచి నిలబడింది. శశాంక్ వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "డాక్టరు ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యండి" అన్నాడు వినీలతో. ఆ పిల్ల సరేనంది. కార్లు విస్సన్నపేట రోడ్డెక్కాయి.

*

చుట్టాలు ఒక్కొక్కరే జారుకున్నారు. అన్నాలు ఎవరూ తినలేదు. మల్లేశ్వరరావు భార్యని ఇంటికి రమ్మని కూడా అనలేదు, బయట షామియానా కింద ఒక్కడే కూర్చున్నాడు.

ప్రేమావతి పడగ్గది దాకా వెళ్ళి ఆగింది. మాణిక్యమ్మ మంచం మీద కూర్చుని నగలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది. తల ఎత్తలేదు.

"తిట్టక్కా. నీ కూతురి సంబంధం చెడగొట్టాను" అంది ప్రేమావతి.

"ఏమని తిట్టను? ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు నోటిదాకా వచ్చిందే. అక్కడున్న నర్సు మన వీధి పిల్ల. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని ఆగిపోయాను. తర్వాత విజయవాడ వెళ్ళి చూపించుకోమని నీకు రెండు మూడుసార్లు చెప్పాను. ఎందుకో చెప్పకపోతే ఎవరు వింటారు? నీ రొమ్ము తీసేసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు."

"నాకు మాత్రం ఉందా?" అంది ప్రేమావతి. గొంతులో పాత పదును తేవాలని చూసింది, రాలేదు.

మాణిక్యమ్మ జాకెట్టు కుడి చెయ్యి పైకి లాగబోయింది. అది రాకపోతే హుక్కులు విప్పి చెయ్యి బయటికి తీసింది. చెయ్యి లావుగా వాచిపోయి ఉంది. చర్మం బిగుసుకుని మెరుస్తోంది. ప్రేమావతి దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఆపరేషన్ అయిన ఏడాది నుంచీ. పొడుగు చేతుల జాకెట్లు అందుకే."

"డాక్టరుకి చూపించలేదా?"

"ఎవరికి చూపించను? ఇదెందుకు వాచిందని అడుగుతారు కదా."

చంకలో గడ్డలు తీసేస్తే చెయ్యి ఇలా వాస్తుందని ఆస్పత్రిలో ప్రేమావతికి మొదటి వారమే చెప్పారు. ఎలా ఎత్తిపెట్టుకోవాలో, ఎలా రుద్దుకోవాలో నేర్పారు. ఈ మనిషి ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేక నలుగురికీ వండి పెడుతూ ఆ వాపుని మోసింది. ప్రేమావతి మంచం మీద కూర్చుని అక్క చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కొబ్బరినూనె కాస్త అరచేతిలో వేసుకుని, మణికట్టు నుంచి భుజం వైపు మెల్లగా, చర్మం మాత్రమే కదిలేలా నిమరడం మొదలుపెట్టింది.

"గట్టిగా నొక్కకూడదు. ఎప్పుడూ పైకే నిమరాలి. పడుకునేటప్పుడు కింద దిండు పెట్టుకో. వేడి తగలనివ్వకు. అక్కడ దీనికి బిగుతు తొడుగు కూడా ఇస్తారు."

మాణిక్యమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రేమావతి కళ్ళ నీళ్ళు ఆ చేతి మీదే పడ్డాయి. తుడుచుకోలేదు, నిమురుతూనే ఉంది.

వినీల గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ చూసింది. మొహం ఇంకా బిగుసుకునే ఉంది. "రేపు మొదటి బస్సుకి విజయవాడ వెళ్తున్నాను. మీ ఇద్దరూ రావాలి. అక్కడ డాక్టరు ఏదడిగినా ఎవరూ అబద్ధం చెప్పడానికి వీల్లేదు" అంది. సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి మాణిక్యమ్మ ముక్కు తుడుచుకుంది. "నన్ను క్షమించమని అడగనే. దానికి మాత్రం తోడు రా."

"వస్తాను. వచ్చినా నీ మీద కోపం పోదు."

"పోవద్దులే. దారి పొడుగునా తిట్టు."

"తిడతాను" అంది ప్రేమావతి, అక్క చెయ్యి వదలకుండా.